ఆరోగ్యవరంలో ఒక దినము

2025 జనవరిలో, సంక్రాంతి పండుగ దాటిన వారము, మా సంఘములోని ఒక అవ్వతోను, ఆమె మనుమడితోను కలిసి నేను మదనపల్లె దగ్గర ఉన్న ఆరోగ్యవరానికి వెళ్ళివచ్చాను. ఉదయము పోయి రాత్రికి తిరిగి వచ్చిన చిన్న ప్రయాణమే. అయినను ఆ దినము చూచినది, విన్నది మన కుటుంబాలన్నిటికి పనికివచ్చేదని తోచి వ్రాస్తున్నాను. అబ్బాయి పేరు గాని మా ఊరి పేరు గాని వ్రాయను. కదిరి చుట్టుపట్ల ఒక పల్లె అని అనుకోండి.

ఆ అబ్బాయికి ఇరువది రెండేండ్లు. బెంగుళూరులో పని చేసుకుంటూ, ఒకే గదిలో ఆరుగురితో ఉండేవాడు. 2024 అక్టోబరులో దగ్గుతో, సాయంకాలపు జ్వరముతో, బట్టలు వదులై ఇంటికి వచ్చాడు. ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్ళె పరీక్ష చేసి క్షయ అని చెప్పారు. మందులు ఉచితముగా ఇచ్చారు. రెండు నెలలు తిరిగేసరికి దగ్గు తగ్గింది, ఆకలి పుట్టింది, రెండవసారి చేసిన కళ్ళె పరీక్షలో క్రిములు కనబడలేదు. అయినను అవ్వకు నమ్మకము కుదరలేదు.

"ఇంట్లో కూచ్చోని మాత్రలు మింగితే పోయే రోగమా అది అయ్యగారూ? మా అన్న ఆ కాలంలో తొమ్మిది నెలలు ఆరోగ్యవరంలో మంచం మీద ఉండి వచ్చినాడు. నా మనమణ్ణి గూడా ఆడికే తీసకపోదాం, మీరూ రాండి" అని పట్టుబట్టింది.

సరే అన్నాను. అయితే నేను వెళ్ళడానికి మరియొక కారణమున్నది. డిసెంబరులో మా సంఘ పెద్దలు ఇద్దరు నా ఇంటికి వచ్చి, "అయ్యగారూ, క్రిస్మస్ ఆరాధనలో ప్రభువు బల్ల ఉంది గదా. మనది ఒకే పాత్ర. ఆ పిల్లోడు తాగిన పాత్ర మేమెట్లా తాగేది?" అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు. "చూద్దాము" అని మాత్రము అన్నాను. క్రిస్మస్ దినమున ఆ అబ్బాయి తనంతట తానే ముందుకు రాలేదు. వాకిలి దగ్గర, చెప్పుల ప్రక్కన కూర్చొని ఉండిపోయాడు. అతడు రానందుకు నా మనస్సు తేలికపడింది. కాపరినైన నేను ఒక గొఱ్ఱె మందకు వెలుపల నిలిచిపోతే తేలికపడ్డాను. ఆ సంగతి నన్ను నిద్రపోనివ్వలేదు.

దారిలో

కదిరిలో తెల్లవారుజామున బస్సు ఎక్కాము. తనకల్లు, ములకలచెరువు దాటిన తరువాత చలి ఎక్కువైంది. మదనపల్లె ప్రాంతము సముద్రమట్టానికి 2,000 అడుగులకు పైన ఉన్న నేల. అందుకే అక్కడ ఎండాకాలము కూడా మన వైపుకంటె చల్లగా ఉంటుంది. బస్సులో అందరూ కిటికీలు మూసుకున్నారు. అవ్వ కూడా మూయబోయింది. మనుమడు ముక్కుకు, నోటికి గుడ్డ కట్టుకొని, "వద్దవ్వా, గాలి రానీ. నాకు ఆసుపత్రిలో చెప్పినారు" అన్నాడు. అవ్వ గొణుక్కుంటూ కొంగు తలమీద కప్పుకున్నది. చలిగాలి మా ముగ్గురి ముఖాలకు కొడుతుండగా మేము అంగళ్ళు దాటి మదనపల్లెలో దిగాము. దారి పొడవునా టమోటా పెట్టెలు ఎత్తిన లారీలే. మదనపల్లె టమోటా మార్కెట్టు దేశమంతటికి తెలిసినదే గదా.

ఈ పట్టణానికి మరియొక గౌరవమున్నది. 1919లో రవీంద్రనాథ్ ఠాగూరు ఇక్కడికి వచ్చి, కొన్ని దినాలుండి, జనగణమన గీతమును ఇక్కడనే ఇంగ్లీషులోనికి అనువదించారు. మేము బస్టాండు దగ్గర టీ త్రాగి ఆటో ఎక్కాము.

చెట్ల క్రింద ఆసుపత్రి

ఆరోగ్యవరము పేరు వినగానే నాకు రెండు అర్థాలు తోచినవి. భీమవరము, అన్నవరము వలె ఊరి పేరుగా చెప్పుకోవచ్చును. ఆరోగ్యమనే వరము అని కూడా చెప్పుకోవచ్చును. ఊరికి ఆ పేరు వచ్చినదే ఆసుపత్రిని బట్టి. 1915లో దక్షిణ భారతదేశములో పనిచేస్తున్న వేర్వేరు మిషనులు తమ భేదాలను ప్రక్కన పెట్టి, కలిసి ఇక్కడ క్షయ రోగులకు శానిటోరియము తెరిచాయి. అందుకే దాని పేరులో యూనియన్ మిషన్ అనే మాట చేరినది. డెన్మార్కు దేశస్థుడైన డాక్టరు క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ దానికి మొదటి పెద్ద డాక్టరు. ఇప్పుడు అది అన్ని రోగాలకు వైద్యము చేసే ఆసుపత్రి.

ఆ కాలమును ఒకసారి ఊహించండి. క్షయ పుట్టించే క్రిమిని జర్మనీ దేశపు వైద్యుడు రాబర్ట్ కాక్ కనిపెట్టినట్లు ప్రకటించినది 1882 మార్చి 24వ తేదీన. శత్రువెవరో తెలిసినది గాని వానిని చంపే మందు లేదు. స్ట్రెప్టోమైసిన్ కనుగొన్నది 1943లో. ఐసోనియాజిడ్ అనే మాత్ర వాడుకకు వచ్చినది 1952లో. అంటే ఆరోగ్యవరము తెరిచిన తరువాత సుమారు ముప్పది ఏండ్లు అక్కడి వైద్యుల చేతిలో క్షయను నేరుగా కొట్టే మందేదీ లేదు. మరి ఏమి ఇచ్చారు? మంచి గాలి, బలమైన ఆహారము, విశ్రాంతి, శుభ్రత. ఆ రోజులలో శానిటోరియము అంటే అంతే. తెరిచి ఉంచిన వరండాలలో మంచాలు వేసేవారు. వేళకు పాలు, గ్రుడ్లు, భోజనము. జ్వరము తగ్గిన వారిని రోజుకు కొంచెము కొంచెముగా నడిపించేవారు. నెలల తరబడి, కొందరు ఏండ్ల తరబడి అట్లా గడిపేవారు. అట్లు కొందరు కోలుకున్నారు, అనేకులు కోలుకోలేదు. అయినను ఇంట్లో వెలివేయబడినవారికి ఒక మంచము, ఒక పలకరింపు దొరికిన చోటది.

ఆరోగ్యవరము వైద్యులు వచ్చినవారిని చూచి ఊరుకోలేదు. 1950 తరువాత చుట్టుపట్ల పల్లెలలో ఇంటింటికి తిరిగి, క్షయ ఎందరికున్నదో ఏండ్ల తరబడి లెక్కగట్టారు. పసిబిడ్డల భుజానికి వేసే బి.సి.జి. టీకా మన దేశములో 1948లో మొదలైనప్పుడు, తొలుత వేసిన చోట్లలో మదనపల్లె ఒకటి.

పెద్ద చెట్ల నీడలో నడుస్తూ అవ్వ ఒక పాత కట్టడము వైపు వేలు చూపించి, "మా అన్న ఆ వసారాలో పండుకోనుండె. నేను చిన్నపిల్లను. మా నాయన నన్ను దగ్గరికి పోనియ్యలే. ఈ చెట్టు కిందనే నిలబడి చూసినా" అన్నది. ఆ చెట్టో కాదో నాకు తెలియదు. ఆమె మాత్రము దాని మొదలుపై చెయ్యివేసి కొంతసేపు నిలుచున్నది.

"పళ్ళెము కాదమ్మా, కిటికీ చూడు"

వైద్యుడు అబ్బాయి కాగితాలన్నీ చూచాడు. గుండెకాయ, ఊపిరి విని, ఎక్స్‌రే చూచి, "బాగున్నాడు. మీ ఊరిలో ఇస్తున్న మందులే సరైన మందులు. నేను కొత్తగా వ్రాయవలసినదేమీ లేదు. ఆరు నెలలు ఒక్క పూట కూడా మానకూడదు, అంతే" అన్నాడు.

"మంచం ఇయ్యరా సామీ?" అని అవ్వ దీనముగా అడిగింది.

"మంచము అక్కరలేదమ్మా. ఇంట్లోనే ఉండవచ్చు" అని, ఆయన ఒక ప్రశ్న వేశాడు. "ఇంట్లో ఇతనికి అన్నము ఎట్లా పెడుతున్నారు?"

"జాగర్తగానే ఉండాము సామీ. తట్ట వేరు, గ్లాసు వేరు, బొంత వేరు పెట్టినాము."

"కిటికీ?"

"చలికాలం గదా, మూసినాము."

ఆయన నవ్వాడు. "పళ్ళెము కాదమ్మా, కిటికీ చూడు. ఈ జబ్బు ఎంగిలి పళ్ళెములో లేదు, గాలిలో ఉన్నది" అన్నాడు.

ఆ మాట నేను చాలాసార్లు నెమరువేసుకున్నాను. ఊపిరితిత్తుల క్షయ ఉన్నవాడు దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు, గట్టిగా మాట్లాడినప్పుడు కంటికి కనబడని తుంపరలు గాలిలోనికి లేస్తాయి. మూసిన గదిలో అవి గంటల తరబడి తేలుతూ ఉంటాయి. వాటిని పీల్చినవారికి క్రిమి చేరుతుంది. గాలి ఆడే చోట అవి చెదిరిపోతాయి, ఎండ తగిలితే క్రిమి చస్తుంది. పళ్ళెము వలన, గ్లాసు వలన, బట్టల వలన, చెయ్యి పట్టుకొనుట వలన క్షయ అంటదు. సరియైన మందు మొదలుపెట్టిన కొన్ని వారాలలోనే రోగి నుండి ఇతరులకు సోకే అపాయము బాగా తగ్గిపోతుంది. మనము చేసేది దీనికి తలక్రిందులు. పళ్ళెమును వేరు చేస్తాము, కిటికీని మూస్తాము. మనిషిని దూరము పెడతాము, క్రిమిని లోపల ఉంచుకుంటాము.

అవ్వకు మంచము ఎందుకు దొరకలేదో కూడా చెప్పాలి. 1956లో మద్రాసులో క్షయ వైద్య పరిశోధన కేంద్రమొకటి మొదలైనది. అక్కడి వైద్యులు పేద రోగులను రెండు గుంపులుగా చేశారు. ఒక గుంపును శానిటోరియములో ఉంచి మంచి తిండి, విశ్రాంతి, మాత్రలు ఇచ్చారు. రెండవ గుంపు ఇరుకు ఇండ్లలోనే ఉంటూ, ఉన్నది తింటూ, అవే మాత్రలు మ్రింగారు. ఒక సంవత్సరము తరువాత చూస్తే రెండు గుంపులవారు ఇంచుమించు ఒకే విధముగా బాగుపడ్డారు. రోగిని ఇంట్లో ఉంచినందున ఇంటివారికి రోగము ఎక్కువ సోకలేదు కూడా. 1959లో ఈ ఫలితములు ప్రకటించగా లోకమంతటా శానిటోరియముల అవసరము తగ్గుతూ వచ్చింది. మందు క్రమముగా పడితే ఇల్లే ఆసుపత్రి అని లోకానికి నేర్పినది మన ప్రక్క పట్టణపు పేదలే.

అమ్మ తట్ట

మధ్యాహ్నము ఒక చెట్టు క్రింద కూర్చున్నాము. అవ్వ క్యారియరు విప్పింది. రాగి సంగటి, చెనిక్కాయల ఊరిబిండి, ఉడికించిన గ్రుడ్లు. నాకు ఆకులో వడ్డించింది. మనుమడికి వేరే తట్ట తీసింది. దాని అంచుకు ఎర్ర దారము కట్టి ఉన్నది. డాక్టరు మాట విన్న గంటకే! నాకు కోపము రాలేదు. ఆ దారము చూడగానే నా కళ్ళయెదుట మరియొక తట్ట నిలిచింది.

1988లో నాకు తొమ్మిదేండ్లు. మా అమ్మకు క్షయ వచ్చింది. మా జేజి ఒక సత్తు తట్ట తీసి, వేరేవాటిలో కలిసిపోకుండా మేకుతో అంచున మూడు గుంటలు కొట్టి అమ్మకిచ్చింది. అమ్మ వంట చేయకూడదు, నన్ను దగ్గరికి తీసుకోకూడదు. పశువుల కొట్టము ప్రక్కన తినేది, ఆ తట్టను అక్కడే గోడకు తగిలించేది. మందులు వాడి అమ్మ బాగైంది. మరల పొలానికి పోయింది, వంట చేసింది. అందరికి ఆమె చేతి వంటే. కాని ఆమె మాత్రము ఆ మూడు గుంటల తట్టలోనే తినేది. జేజి చనిపోయిన తరువాత కూడా ఎవరూ వద్దనలేదు గనుక ఆ తట్టే. నేను వేదాంత విద్య చదివి డిప్లొమా తెచ్చుకున్నాను. ఊరూరా తిరిగి ప్రభువు కుష్ఠరోగిని చెయ్యి చాపి ముట్టిన సంగతి ప్రసంగించాను. ఇంటికి వచ్చి, ఆ తట్ట యెదుట కూర్చొని భోజనము చేశాను. "అమ్మా, అది పారెయ్యి" అని ఒక్కసారైన అనలేదు. చూచి చూచి అలవాటైపోయింది. 2016లో అమ్మ ప్రభువునందు నిద్రించిన తరువాత ఇల్లు సర్దుతుంటే ఆ తట్ట నా చేతికి వచ్చింది. ఆ గుంటలు వ్రేలితో తడిమినప్పుడు గాని నాకు తెలియలేదు, ఆమె రోగము ఒకటిన్నర సంవత్సరములో పోయినది, మేము పెట్టిన గుర్తు ఇరువది ఎనిమిదేండ్లు ఉన్నది.

ఈ సంగతి ఆ చెట్టు క్రింద అవ్వకు చెప్పాను. ఆమె ఏమియు అనలేదు. నేను అబ్బాయి తట్టలో నుండి సంగటి ముద్ద త్రుంచుకొని తిన్నాను. అతడు తల వంచుకున్నాడు.

తిండి మందు కాదు, మందు తిండి కాదు

తిండి సంగతి కూడా చెప్పాలి. మద్రాసు పరీక్ష విని కొందరు తిండితో పని లేదనుకోవచ్చు. అది సరికాదు. క్షయ క్రిమి ఒంటిలో చేరినవారందరు రోగులు కారు. నూటికి తొంబది మందిలో అది జీవితకాలమంతా నిద్రపోయి ఉంటుంది. ఒంటి బలము తగ్గినప్పుడు లేస్తుంది. చాలని తిండి, మధుమేహము, పొగ, సారాయి, హెచ్.ఐ.వి. దానిని లేపేవి. జార్ఖండ్ రాష్ట్రములో 2019 నుండి 2022 వరకు ఒక పెద్ద పరిశీలన జరిగింది. క్షయ రోగులున్న ఇండ్లలోని వారికి ఒక్కొక్కరికి నెలకు 5 కిలోల బియ్యము, 1½ కిలో పప్పు, విటమిన్ మాత్రలు ఇచ్చారు. అవి అందనివారితో పోల్చి చూస్తే, అందినవారిలో కొత్తగా క్షయ రావడము సుమారు 40 శాతము తక్కువైనది. మందు క్రిమిని చంపుతుంది. తిండి క్రిమికి చోటివ్వకుండా చేస్తుంది. ఒకదాని పని మరియొకటి చేయదు. ప్రభుత్వము కూడా 2018 నుండి చికిత్సలో ఉన్న క్షయ రోగికి తిండి కొరకు నెలకు 500 రూపాయలు ఇస్తూ, 2024 నవంబరు నుండి దానిని 1,000 రూపాయలు చేసింది.

బలమైన తిండి అంటే ఖరీదైన డబ్బా పొడులే అనుకుంటాము. మన పల్లెలో పండే చెనిక్కాయలు, ఉలవలు, రాగులు, కందులు, మన కోడి పెట్టే గ్రుడ్డు, పెరట్లోని మునగాకు ఇవన్నీ బలమే. అయితే చెనిక్కాయలన్నీ అమ్మివేసి బిస్కెట్లు కొంటాము. గ్రుడ్లన్నీ అమ్మి టీ పొడి కొంటాము. ఏలీయా ప్రవక్త బదరీవృక్షము క్రింద సొమ్మసిల్లి, చాలు, చనిపోతానన్నప్పుడు దేవుడు ముందు గద్దించలేదు. రొట్టె పెట్టి, నీళ్ళిచ్చి, నిద్రపోనిచ్చి, మరల లేపి రొట్టె పెట్టాడు. తరువాతనే మాట్లాడాడు. రాజుల మొదటి గ్రంథము 19వ అధ్యాయము చదివి చూడండి.

తిరుగు ప్రయాణములో ములకలచెరువు దగ్గర బస్సు ఆగినప్పుడు అవ్వ దాహమన్నది. నేను నా సీసా అందించబోయాను. ఆమె నా వైపు చూడనేలేదు. మనుమడి చేతిలోని సీసా తీసుకొని, మూత విప్పి, కరిచిపట్టి గటగట త్రాగింది. ఆ తరువాత కొంగుతో మూతి తుడుచుకొని, కిటికీ తానే ఇంకొంచెము తెరిచింది.

ఆదివారము

ఆ శనివారము నేను, అబ్బాయి కలిసి మా మందిరములో పని పెట్టుకున్నాము. మందిరానికి ఏడు కిటికీలు. పావురాలు వస్తున్నాయని నాలుగింటికి ఎప్పుడో మేకులు కొట్టి మూసినాము. అతడు సుత్తితో మేకులు పీకాడు, నేను వల బిగించాను. మధ్యాహ్నానికి లోపలికి వెలుగు, గాలి వచ్చినవి.

ఫిబ్రవరి మొదటి ఆదివారమున బల్ల ఆరాధనకు ముందు, ప్రసంగమునకు బదులు మా అమ్మ తట్టను చేతపట్టుకొని నిలుచున్నాను. మీకు చెప్పిన సంగతులే చెప్పాను. డిసెంబరులో నేను "చూద్దాము" అన్న మాటకు సంఘము యెదుట ఆ అబ్బాయిని క్షమాపణ అడిగాను. అందరితోపాటు అతడు వచ్చాడు, రొట్టె తీసుకున్నాడు, పాత్రలో త్రాగాడు. అతని తరువాత అవ్వ త్రాగింది. ఆ వెనుక సంఘ పెద్దలలో ఒకరు. రెండవ పెద్ద కుటుంబము ఆ దినము ముందుకు రాలేదు. నేను వారిని నిందించలేదు. భయము నాలో ఎన్నేండ్లు కాపురమున్నదో నాకు తెలుసు. ఈస్టరు నాటికి వారును వచ్చారు. ఏప్రిల్‌లో అబ్బాయి మందులు ముగిసినవి. మరల పనికి పోయాడు. ఈసారి కిటికీ ఉన్న గది చూచుకున్నాడు.

ప్రియులారా, లోకములోని క్షయ రోగులలో ఇంచుమించు నాలుగవ వంతు మన దేశములోనే ఉన్నారు. కనుక ఇది ఎవరి ఇంటికైన రావచ్చును. ఈ కొన్ని సంగతులు మన ఇండ్లలో మరువకూడదు.

1. దగ్గు రెండు వారాలు దాటితే, సాయంకాలపు జ్వరము వస్తుంటే, బరువు తగ్గుతుంటే ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్ళె పరీక్ష చేయించండి. పరీక్ష, మందు రెండును ఉచితము.

2. కొంచెము బాగైనదని మందు మానవద్దు. సగములో మానితే మందుకు లొంగని క్షయగా మారే అపాయమున్నది.

3. ఇంట్లో ఒకరికి వస్తే మిగిలినవారందరు, ముఖ్యముగా చిన్నపిల్లలు, పరీక్ష చేయించుకోవాలి.

4. దగ్గేటప్పుడు నోటికి గుడ్డ అడ్డము పెట్టుకోండి. పడుకునే గదికి, వంటింటికి, మందిరానికి గాలి రానివ్వండి.

5. పళ్ళెములు కలిపివేయండి.

అమ్మ తట్ట ఇప్పుడు మా ఇంటి పళ్ళెములలో ఒకటి. ఆదివారము భోజనమునకు ఎవరు వచ్చినను అది ఒకరి ముందుకు వస్తుంది. ఎక్కువ సార్లు అది నా ముందుకే రావాలని నేను కోరుకుంటాను.